కుదురయ్య పేర్చిన పొయ్యి

ఆ దర్జీని వీధివీధంతా కుదురయ్య అంటారు. ఒక్కచోట కుదురుగా ఉండడు కనుకే ఆ బిరుదు. చొక్కా కుట్టాక కుట్టు గట్టిదో కాదోనని లాగి చూస్తాడు. చిరిగితే, నా అనుమానం నిజమేనని సంతోషించి మళ్లీ కుడతాడు.

చలికాలంలో ముందుగదిలో ఇల్లు వెచ్చబరిచే ఇనప పొయ్యి రాజేయడం ఆయన వంతు. తెల్లవారకముందే దుప్పటి వదలడమంటే ఆయనకు ప్రాణసంకటం. పోనీ రాజేశాక మంట నిలుస్తుందా అంటే అదీ లేదు. పుల్ల మీద పుల్ల పెడుతూ, ఊదుతూ, కెలుకుతూ కూర్చుంటాడు. ఇల్లంతా పొగ. కొత్త బట్టలకు పొగవాసనేమిటని, కుట్టించుకున్నవాళ్లు విసుక్కుంటున్నారు.

ఇంతలో కట్టెల అడితిలో ఆయన చెవిన ఒక కిటుకు పడింది. బాగా ఎండిన లావు మొద్దులు అడుగున దగ్గర దగ్గరగా పేర్చి, వాటి మీద సన్న చీలికలు, అన్నిటికన్నా పైన పుల్లలు పెట్టి, పైనుంచి అంటించాలట. మంట నింపాదిగా కిందికి దిగుతుందట. పొగ ఉండదట, పూటంతా నిలుస్తుందట.

కుదురయ్య ఎగిరి గంతేశాడు. ఆ మధ్యాహ్నమే భోజనాలయ్యాక అచ్చం అలాగే పేర్చి అంటించి, భార్యతో పందెం వేశాడు. దీపాలు పెట్టేవేళ దాకా మంట నిలిస్తే, ఈ చలికాలమంతా పొద్దున్నే లేచి పొయ్యి రాజేసే పని ఆవిడదే.

ఆవిడ గిన్నెలు తుడుచుకుంటూ ఒప్పుకుంది. "కానీ మధ్యలో మీరు పొయ్యి తలుపు తెరవకూడదు."

"నేనెందుకు తెరుస్తానే?"

"మీరు కాబట్టి," అని చెప్పి, వెనక వీధిలోని పుట్టింటికి వెళ్లింది.

కుదురయ్య మిషను ముందు కూర్చున్నాడు. లేచాడు. పొయ్యికి దగ్గరగా చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగానే ఉంది, కానీ అది ఇందాకటి వేడేమో. మళ్లీ కూర్చుని, పరధ్యానంలో ఒక పంట్లాము రెండు కాళ్లనూ కలిపి కుట్టేశాడు. ఇక లాభం లేదని పెరట్లోకి పరిగెత్తి పొగగొట్టం వైపు చూశాడు. పొగ జాడే లేదు.

పక్కింటి రిటైర్డు పోస్టుమాన్ బట్టలు ఆరేస్తున్నాడు. మీకేమైనా పొగ కనిపిస్తోందా అని అడిగితే, లేదనీ, మీరు ఊళ్లో లేరేమో అనుకున్నాననీ అన్నాడు.

నిప్పు లేనిదే పొగ రాదన్నారు పెద్దలు. పొగ లేదంటే నిప్పూ లేనట్టేగా? కుదురయ్య ఒక్క పరుగున లోపలికొచ్చి, అటూ ఇటూ చూసి, పొయ్యి తలుపు తెరిచాడు.

మంట నిక్షేపంగా ఉంది. పైన బంగారంలా మండుతోంది, అడుగు మొద్దులకు ఇంకా సెగైనా సరిగ్గా తగల్లేదు. అక్కడితో మూసేస్తే ఆయన కుదురయ్య ఎందుకవుతాడు? ఆ మొద్దు కాస్త పక్కకు జరిగితే ఇంకాసేపు నిలుస్తుందేమో అనిపించి, ఊచతో చిన్నగా పొడిచాడు.

పేర్చినదంతా కూలింది. మంట భగ్గుమని లేచింది. కంగారుపడి పొయ్యికి గాలి అందించే మూత బిగించేశాడు. మంట ఉక్కిరిబిక్కిరై చల్లారబోయింది. దాన్ని బతికిద్దామని వసారాలో వానకు నానిన మొద్దు తెచ్చి కూరాడు. ఇక చూడండి పొగ! పోస్టుమాన్ ఆరేసిన బట్టలన్నీ వాటేసుకుని లోపలికి పరుగు తీశాడు.

సరిగ్గా అప్పుడే భార్య, అత్తగారు గుమ్మంలోకి వచ్చారు.

"తలుపు తెరిచారా?"

"లేదే. అదే తెరుచుకుంది."

"ఆ ఊచ కూడా అదే వచ్చి మీ చేతిలో దూరిందా?"

కుదురయ్య ఊచ కింద పెట్టాడు. "పొగ రాకపోతే ఏం చెయ్యమంటావు? నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా."

"పొగ రాకపోతే నిప్పు లేదని ఎవరన్నారండీ?"

అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పొయ్యిలోకి తొంగి చూసింది. అడుగు మొద్దులు ఇంకా కాలకుండానే పడున్నాయి. ముట్టుకోకపోతే రాత్రి దాకా మండేదని తేల్చింది. గెలిచిన పందేన్ని చేజేతులా పాడుచేసుకున్నానే అని కుదురయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

"అల్లుడుగారు పేర్చిన తీరు మాత్రం భలే ఉంది," అంది అత్తగారు.

ఆ మాటకు కుదురయ్య మొహం కాస్త వికసించింది. భార్య దాన్ని వికసించనిచ్చి, అప్పుడు చెప్పింది. "అమ్మకి నడుం వంగడం లేదు. రేపట్నుంచి ముందు అక్కడ పేర్చి అంటించి, తర్వాత ఇక్కడికి రండి. అంటించగానే రెండుచోట్లా మిమ్మల్ని గదిలోంచి పంపించేస్తాం, ఏమీ అనుకోకండి."

కుదురయ్య కళ్లు తుడుచుకున్నాడు. పొగవల్లేనని చెప్పాడు. అత్తయ్యగారు పొద్దున ఎన్నింటికి లేస్తారని నెమ్మదిగా అడిగాడు.

"కోడికంటే ముందే," అంది భార్య.