అన్నయ్య బొందు

ఆ ఉదయం లాండ్రీ షాపు తెరిచేటప్పటికి తమ్ముడి మనసులో రెండే పనులున్నాయి. అన్నయ్య స్వెటర్ ఉతకాలి. సాయంత్రం అన్నయ్యతో మాట్లాడాలి.

అమ్మ పోయిన రోజు అన్నయ్య ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చాడు. "ఇప్పుడా రావడం?" అని తమ్ముడు నలుగురి ముందూ అనేశాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. నిన్న వదిన షాపుకొచ్చి, టోపీ ఉన్న స్వెటర్ ఒకటి బల్ల మీద పెట్టింది.

"మీ అన్నయ్య నైట్ డ్యూటీకి వేసుకునేది. అత్తయ్య కొన్నది. రేపు సాయంత్రం ఆయన్నే పంపిస్తాను. ఒక్క మాట మాట్లాడవయ్యా, నీ సొమ్మేం పోదు."

టోపీ అంచులో బొందు ఉంటే చివరలు ముడేసి మరీ మెషీన్లో వెయ్యాలని వచ్చినవాళ్లందరికీ చెప్పే మనిషి అతను. ఇవాళ మాత్రం, అన్నయ్యతో ఏ మాట ముందనాలా అని ఆలోచిస్తూ ముడి సంగతి మరిచిపోయాడు. బొందు ఊడి డ్రమ్ము సందులో చుట్టుకుంది. మెషీన్ మూలిగి ఆగిపోయింది. పట్టుకుని లాగితే సగం బొందే చేతికొచ్చింది.

పక్క కొట్లో బూటు లేసు కొన్నాడు. దాని చివర పిన్నీసు గుచ్చి అంచులోకి తోశాడు. నడిమధ్యలో పిన్నీసు నోరు తెరిచింది. ఇటు రాదు, అటు పోదు. కుట్టు కాస్త విప్పబోతే అంచు మొత్తం విడిపోయింది. అన్నయ్య వచ్చి చూసేలోపే చెప్పేయడం నయమనుకుని ఫోన్ చేశాడు. అన్నయ్య నిద్రమత్తులో ఎత్తాడు. సరిగ్గా అప్పుడే మెషీన్ మళ్లీ మూలగడం మొదలెట్టింది.

"అన్నయ్యా, నీ బొందు..."

"నా బొందా?"

"అవును, నీ బొందే!"

అవతల ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్. కాసేపటికి వదిన చేసింది.

"ఏమన్నావయ్యా ఆయన్ని? గోడవైపు తిరిగి కూర్చున్నారు. అన్నం కూడా వద్దన్నారు."

"బొందే వదినా, ఇంకేం లేదు..."

"అబ్బో, నాకూ మొదలెట్టావా!"

ఆవిడా పెట్టేసింది.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. కళ్లు వాచి ఉన్నాయి. కొట్టడానికే వచ్చాడనుకుని తమ్ముడు ఇస్త్రీ బల్ల వెనక్కి జరిగాడు.

"ఫోన్లో అన్నావే, అది మళ్లీ అను."

"నీ బొందే... అన్నానన్నయ్యా."

అన్నయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "అమ్మ పోయాక నన్ను ఆ మాట అన్నవాళ్లు లేర్రా. అన్నం వద్దంటే నీ బొంద, ఇంకాస్త పెట్టమంటే నీ బొంద. ఇవాళ అచ్చం అమ్మలాగే అన్నావు."

తమ్ముడు ఇస్త్రీ బల్ల వెనకనుంచి ముందుకొచ్చాడు. అన్నది అది కాదని చెబితే ఈ మనిషి లేచి వెళ్లిపోతాడు.

"ఆ రోజు నేనలా అనాల్సింది కాదన్నయ్యా," అన్నాడు.

"ఆలస్యంగా వచ్చింది నేనేగా," అంటూ అన్నయ్య కళ్లు తుడుచుకోవడానికి బల్ల మీది బట్ట అందుకున్నాడు. అది స్వెటరు. విడిపోయిన అంచులోంచి బూటు లేసు వేలాడుతోంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని బొందేదిరా?"

"పొద్దున ఫోన్లో చెప్పింది అదే అన్నయ్యా."

అన్నయ్య స్వెటరు చేత్తో పట్టుకునే తమ్ముడి వైపు తిరిగాడు.

"నీ బొంద!"

ఈసారి వినడంలో ఎవరూ పొరబడలేదు.