మధ్యలో మనిషి

శుక్రవారం పొద్దున జైనబీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం తను పనిచేసే అస్రా మేడమ్ ఇంటికి చుట్టాలు భోజనానికి వస్తారు. ఆ పని కొత్త పనిమనిషి రోస్నిదా చేతుల మీదుగా సాఫీగా జరిగిపోతే, జైనబీ లేకపోయినా ఇల్లు గడుస్తుందని మేడమ్‌కు నమ్మకం కుదురుతుంది. అప్పుడు సెలవు ఖాయం. ఆదివారం విమానం. రాయచోటిలో కూతురికి నెలలు నిండాయి, తొలి కాన్పు. ఈ అరబ్బు దేశంలో, అల్ అమెరాత్‌లో కూర్చుని వీడియో కాల్లో బిడ్డ బిడ్డను చూసుకునే ఉద్దేశం జైనబీకి బొత్తిగా లేదు.

చిక్కల్లా వంటగదిలో ఉంది. ఆ ఇంటి వంటవాడు హరహాప్‌ది ఇండోనేషియాలో అంగ్‌కోలా అనే సీమ. కొడుకు పెళ్ళాం రోస్నిదాను మేడమ్‌తో చెప్పి పనికి రప్పించింది ఆయనే. అంత కష్టపడి రప్పించినవాడు ఆమె వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదు. కోడలు గుమ్మంలో కనిపిస్తే గోడవైపు తిరిగేవాడు. వెల్లుల్లి కావాలంటే జైనబీతో చెప్పేవాడు, జైనబీ లేకపోతే ఫ్రిజ్‌తో చెప్పేవాడు. కోడలు వెల్లుల్లి తెచ్చి బల్లమీద పెట్టి, పెట్టిన సంగతి కుళాయికి చెప్పేది.

మనుషులు ఇలా ఎడమొహం పెడమొహంగా ఉంటే దానికి జైనబీ ఎరిగిన అర్థం ఒక్కటే. కూరగాయల సంచులు దించుతున్న డ్రైవర్ వీరబ్రహ్మాన్ని పక్కకు పిలిచింది.

"బ్రమ్మం, మామాకోడళ్ళకు ఊర్లోనే ఏందో పెద్ద తగాదా అయినట్టుండాది నాయనా. ఇట్లయితే ఆ పిల్ల నాలుగు దినాలు గూడా నిలవదు. నా సెలవు గంగలో కలిసినట్టే."

"నీకెందుకక్కా వాళ్ళ యవ్వారం? నోరు మూసుకోని విమానమెక్కు."

"అట్లెట్లా? మద్దెలో నేనుండానుగా. నాలుగు మంచి మాటలు అటూ ఇటూ జెప్తే వాళ్ళే కలిసిపోతారు."

"నువ్వు జెప్తే కలిసుండేటోళ్ళు గూడా విడిపోతారు," అన్నాడు వీరబ్రహ్మం. ఆయనదీ రాయచోటే. జైనబీ మంచితనం సంగతి బాగా తెలిసినవాడు.

వంటగదిలో ముగ్గురికీ ఉమ్మడి భాష వచ్చీరాని అరబ్బీ. "అన్నంలో నీళ్ళు తగ్గించమను," అన్నాడు హరహాప్. జైనబీ ఆ నీళ్ళ సంగతి అటకెక్కించి, "చందమామ లాంటి కోడలు దొరికిందని మీ మామ మురిసిపోతున్నాడమ్మా," అని రోస్నిదాకు చెప్పింది. రోస్నిదా మొహం పాలిపోయింది. తలమీది గుడ్డ కళ్ళదాకా లాక్కుని వెనక గదిలోకి పరుగెత్తింది. జైనబీ దాన్ని సిగ్గనుకుంది.

ఆ ఊపులోనే మామగారి దగ్గరికి వెళ్ళి, "ఇవాళ మీ కోడలు మీ పక్కన కూర్చుని, మీ పళ్ళెంలోనే తింటానంటోంది," అంది. గరిటె హరహాప్ చేతిలోంచి జారి మాంసం గిన్నెలో పడింది. ఆయన దాన్ని తీయలేదు. నడుముకు కట్టుకున్న వంటగుడ్డ విప్పేసి, వీధిలోకి పోయి కారెక్కి కూర్చున్నాడు.

మాడువాసనకు మేడమ్ పరుగున వచ్చేసరికి వంటగదిలో జైనబీ ఒక్కతే ఉంది. వెనక గదిలో రోస్నిదా పెట్టె సర్దుకుంటోంది. కారులో హరహాప్ తనను ఊరికి పంపించెయ్యమని స్టీరింగ్‌తో మొరపెట్టుకుంటున్నాడు.

"నా ఇంట్లో కొట్లాటలు కుదరవు. ఆ అమ్మాయిని రేపే తిప్పి పంపేస్తాను," అంది మేడమ్. "జైనబీ, నీ సెలవు ఖలాస్."

జైనబీ వెనక గదిలోకి పరుగెత్తింది. రోస్నిదా చేతులు పట్టుకుని, అసలు మీ తగాదా ఏమిటో చెప్పమ్మా అని బతిమాలింది. ఆ అమ్మాయి వెక్కుతూ చెప్పింది. తగాదా ఏమీ లేదు. తమవైపు కోడలు మామగారితో ముఖాముఖి మాట్లాడదు, ఆయన పేరు పలకదు. ఆయనా అంతే. అది మర్యాద. ఇన్నాళ్ళూ అంత మర్యాదగా ఉన్న మనిషి తన అందం గురించి నోరు విప్పాడంటే, ఇక ఆ ఇంట్లో ఎలా ఉండటం?

జైనబీ సిగ్గుతో చచ్చిపోయింది. పోయి మేడమ్‌తో ఉన్నదున్నట్టు చెప్పి, కల్పించిన మాటలన్నీ తనవేనని ఒప్పుకుంది.

మేడమ్ మొహం విప్పారింది. "మా అత్తారింట్లో ఈ పద్ధతి ఎందుకు లేకపోయిందో!" అంది. సంగతి తెలిసి రోస్నిదా పెట్టె విప్పింది. హరహాప్ కారు దిగాడు. మాడిన అడుగు వదిలేసి పైది వడ్డిస్తే, పొగరుచి అమోఘంగా ఉందని చుట్టాలు మెచ్చుకున్నారు. వాళ్ళు వెళ్ళగానే జైనబీ సంబరంగా మేడమ్ దగ్గరున్న తన పాస్‌పోర్టు అడిగింది.

"పాస్‌పోర్టా?" అంది మేడమ్. "నువ్వెళ్తే ఒకరి మాట ఒకరికి ఎవరు చెబుతారు? నువ్వు లేకుండా ఈ వంటగది ఒక్క పూట నడవదు."

జైనబీ ఉన్నచోటే కూలబడింది. నిజం చెప్పినందుకు తనను తాను తిట్టుకుంటూ, కూతురు గుర్తొచ్చి భోరుమంది. అరబ్బీలో మొదలుపెట్టిన ఏడుపు రాయచోటి తెలుగులోకి దిగింది. "తొలి కాన్పు మేడమ్! పక్కన తల్లి లేకుంటే నా బిడ్డ ఎవురిని పిలుచుకుంటాది?"

మేడమ్‌కు తెలుగు రాదు, కానీ ఆమె కూడా బిడ్డల్ని కన్న తల్లే. వంగి జైనబీ భుజం తట్టింది. "లే, లే. నాలుగు మాటలు అటూ ఇటూ చేరవేయడం అంత పెద్ద పనా? నువ్వొచ్చేదాకా నేను చూసుకుంటాను."

ఆదివారం జైనబీ విమానమెక్కింది. మనవరాలు పుట్టింది. బిడ్డకు నీళ్ళు పోసే వేళకు వీరబ్రహ్మం ఫోన్ చేశాడు.

"అక్కా, మేడమ్ పొద్దుగూకులూ వంటింట్లోనే నిలబడుకోనుంటాది. ఎర్రగడ్డలు తరగమని ఆయమ్మకు జెప్పేది, తరిగినాదని ఆయప్పకు జెప్పేది. కాళ్ళు వాచిపోయినాయి. ఎప్పుడొస్తావో కనుక్కోమంటాంది."

"యాడుండాది?"

"నా పక్కనే."

"అయితే ఆమెకే ఫోనియ్యి, నేను మాట్లాడతా."

"ఇస్తే తీసుకోవడంల్యా అక్కా. నన్నే జెప్పమంటాంది."

పద్ధతి పట్టుబడటానికి మేడమ్‌కు వారం కూడా పట్టలేదు.