నడుముకు పైన వికారాబాద్, కింద తాండూరు

గుండె ఛాతీలో ఎడమ పక్కన ఉంటుందని డాక్టర్లు చెబుతారు. అది వాళ్ల అభిప్రాయం. పరిపాలన ప్రకారం గుండె వికారాబాద్‌లో ఉంటుంది, కాళ్లు తాండూరులో ఉంటాయి. రక్తనాళాల సంక్షేమ సంస్థవారు నడుమును సరిహద్దుగా నిర్ణయించి రెండు ఆఫీసులు తెరిచారు. (నడుము నొప్పి ఎవరి కిందికి వస్తుందన్న దానిపై చర్చలు ఇంకా సాగుతున్నాయి.)

ఆ సరిహద్దు ధారూర్ దగ్గర గొర్రెలు కాసుకునే బీరప్ప ఒంటి మీదుగా పోయింది. రెండేళ్ల కిందట ఆయన గుండెకు పోయే నాళం పూడుకుపోతే, పట్నం డాక్టర్లు పెన్నులో స్ప్రింగంత జాలీ గొట్టం, అదే స్టెంటు, లోపలికి తోసి దారి తెరిచారు. మళ్లీ మంద వెంట తిరిగాడు. ఈ ఏడు ఎడమ కాలు మొండికేసింది. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే వదులుతుంది. బొటనవేలి పుండు మానకపోగా నల్లబడుతోంది. కాలి నాళంలోనూ స్టెంటు పడాలని, ఆలస్యమైతే కాలే తీసేయాల్సి వస్తుందని డాక్టరు తేల్చి చెప్పాడు.

బీరప్ప తాండూరు పోయాడు. అధోభాగ నాళాల అధికారి ప్రేమ్‌సాగర్ కాలును చూడలేదు, కంప్యూటరును చూశాడు.

"పెద్దాయనా, నీకు ఇదివరకే ఒకటిచ్చినం. అది ఉన్నదా, అమ్ముకున్నవా?"

"గుండెల ఉన్నది సారు."

"ఉన్నదంటె సాలదు. ఫొటో గావాలె. నువ్వు, స్టెంటు, ఇద్దరు కనబడాలె."

"అది లోపలుంటది గద సారు!"

"గుండె మాది గాదు. వికారాబాద్ పో."

వికారాబాద్‌లో ఊర్ధ్వభాగ అధికారిణి నిరోషా మర్యాదస్తురాలు, కుర్చీ వేయించింది. గుండెలో స్టెంటు ఉన్నట్టు రాసివ్వడానికి ఆమెకు అభ్యంతరం లేదు. అయితే ఆ గుండెను మోసుకొచ్చిన కాళ్లు తాండూరువి. పొరుగు ఆఫీసు కాళ్లను అనుమతి లేకుండా తన గదిలో నిలబెట్టుకోవడం చొరబాటు కిందికి వస్తుందని ఆమె నిజంగానే బాధపడింది.

బీరప్ప మళ్లీ తాండూరు రైలెక్కాడు, మళ్లీ వికారాబాద్ రైలెక్కాడు. బండి ప్రతిసారీ ధారూర్‌లో ఆగేది. (ధారూర్ పరిధిలోకి ఏ అవయవమూ రాదు కాబట్టి అక్కడ పని ఉండేది కాదు.) వేలు నలుపు పాదం వైపు పాకింది.

పుండు కడుగుతూ ఎంకమ్మ మొగుణ్ణి ఎత్తిపొడిచింది. "నీకంటె గొర్రె నయం. మొన్న కుంటితె ఫోన్ల చెవు బిళ్ళ నెంబరు జెప్పినం, డాక్టరు బండి ఇంటికొచ్చె. నీకు బిళ్ళ లేకపాయె, నిన్నెవడు నమ్ముతడు?"

బీరప్ప నవ్వలేదు. సర్కారు పథకంలో ఇచ్చిన గొర్రెకు చెవికి కుట్టిన నెంబరు బిళ్ళే ప్రాణం. బిళ్ళ ఊడితే గొర్రె బతికి అరుస్తున్నా లేనట్టే. చచ్చినా, బిళ్ళతో సహా చెవి కోసుకుపోయి చూపిస్తే తప్ప చచ్చినట్టు కాదు, బీమా రాదు. ముసలి గొర్రెకు ఊడిన బిళ్ళ ఒకటి గూట్లో ఉంది. చిన్నప్పుడు పోగులు పెట్టుకున్న చెవి రంధ్రానికి దాన్ని దారంతో కట్టుకుని తాండూరు పోయాడు.

ప్రేమ్‌సాగర్ లేచి నిలబడ్డాడు. "గీ ముచ్చట ముందుగాల జెప్పాలె గద, పెద్దాయనా! ఇన్నొద్దులు ఉత్తగ పరేషాన్ అయితివి."

నెంబరు కొట్టాడు. చాయ్ చల్లారేలోపు స్టెంటు మంజూరైంది. కాగితంలో ఇలా ఉంది: ఆడ గొర్రె, నలుపు, నాలుగు పళ్లు. (బీరప్ప నాలుకతో తడుముకుని చూసుకున్నాడు. పళ్ల లెక్క సరిపోయింది.)

పట్నంలో కాలి నాళం తెరుచుకుంది. వేలు పోయింది గాని కాలు దక్కింది. ఇంటికి పంపే రోజు ఆస్పత్రిలోని సంస్థ గుమాస్తా ఎంకమ్మను పక్కకు పిలిచి, ఎంతో ఆదరంగా చెప్పాడు.

"అమ్మా, రేపు పెద్దాయనకు ఏమన్న అయితె ఫికర్ జేయకు. బిళ్ళతోని చెవు గోసి, జర పైలంగ ఆఫీసుకు పట్టుకరా."

ఎంకమ్మ కొంగు సర్దుకుంది. "ఏ ఆఫీసుకు సారు?"

"చెవు నడుముకు పైన గదమ్మా. వికారాబాద్."