బాపిరాజు గారి నిష్పాక్షికత

ఆచార్య బాపిరాజు గారిని ఇన్‌చార్జి వైస్ చాన్సలర్‌గా నియమించామనీ, దాంతో విజ్ఞానశాస్త్రమే పరిపాలనా పీఠం ఎక్కిందనీ ప్రభుత్వం ప్రకటించింది. ఆ సాయంత్రానికే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాలకు ఫ్లెక్సీలు వెలిశాయి. వాటిలో ముప్పావు వంతు పార్టీ కార్యకర్త శ్రీకాంత్ ఫొటో. మూలన స్టాంపుబిళ్లంత బాపిరాజు గారు.

అప్పటిదాకా ఆయనకు తెలిసింది మామిడికాయ కుళ్లు ఒక్కటే. ఇరవై ఏళ్లు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు స్కూటర్ మీద వెళ్లి, అందరూ పారేసిన కాయలు ఏరుకొచ్చి, వాటి బూజును ల్యాబు ఫ్రీజర్‌లో బిడ్డలా దాచుకున్నారు. మార్కెట్ ఊరవతల బాటసింగారానికి తరలిపోతే అక్కడికీ వెళ్లారు. ఇంకో రెండు సీజన్లు గడిస్తే కుళ్లుకు మందు దొరికేదే.

ఈలోగా కుర్చీ దొరికింది. గంట కొడితే మనిషి పరుగెత్తుకు రావడం ఆయనకు కొత్త. బూజు ఏనాడూ అంత త్వరగా స్పందించలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అలేఖ్య ఆయాసపడుతూ వచ్చింది.

"సార్, మన ఫ్రీజర్ బందయ్యేటట్టున్నది. కొత్తదానికి జర సంతకం పెట్టుండ్రి."

"ఫైల్ పెట్టారా?"

"మూడేండ్ల కిందనే సార్. గిదో."

బాపిరాజు గారు ఉత్తరం శ్రద్ధగా చదివారు. 'అత్యవసరం' అన్న మాట కింద మూడు గీతలున్నాయి.

"ఎవరో గాని మరీ తొందరపడ్డారమ్మా."

"మీరే సార్. కింద సంతకం మీదే."

చూశారు. తనదే. ఉత్తరం మడిచి ఆమెకే తిరిగి ఇచ్చారు.

"అందుకే ఇవ్వలేను. సొంత ల్యాబుకి ఇచ్చుకున్నానంటే నలుగురూ ఏమంటారు? కమిటీ వేద్దాం."

కమిటీ వెంటనే సమావేశమై, మళ్లీ ఎప్పుడు సమావేశం కావాలో చర్చించింది. నాలుగో రోజున ఫ్రీజర్ ఆగిపోయింది.

ల్యాబు అటెండరు అంతయ్య తలుపు తీసేసరికి ఇరవై ఏళ్ల పని నీరై నేల మీద పారుతోంది. బాపిరాజు గారు ఒక గాజు గొట్టం తీసి చేతిరుమాలుతో తుడిచారు. దాని మీద తన చేతిరాతే. కళ్లు చెమర్చాయి.

"ఏడ్వకుండ్రి సార్," అన్నాడు అంతయ్య.

అంతలో మంత్రి పేషీ నుంచి ఫోను. బాధ్యులెవరని అడిగారు.

"ఎంతటివారినైనా వదలం సార్," అన్నారు వీసీ గారు, కళ్లు తుడుచుకుంటూ.

విచారణలో బాధ్యుడు తేలాడు. ల్యాబు ఇన్‌చార్జి ఆచార్య బాపిరాజు. ఆయన వీసీ అయ్యాక ఆ స్థానంలో ఇంకెవరినీ వేయలేదు. వీసీ హోదాలో ఆయన షోకాజ్ నోటీసు మీద సంతకం చేశారు, ల్యాబు ఇన్‌చార్జి హోదాలో అందుకున్నట్టు ఇంకో సంతకం చేశారు. మూడు రోజులు కూర్చుని నాలుగు పేజీల జవాబు రాశారు. అందులో ప్రతి అక్షరం నిజం. చదువుతూ వీసీ గారు రెండుసార్లు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కానీ జవాబు నిర్ణీత నమూనాలో లేదు. 'సంతృప్తికరంగా లేదు' అని రాసి, సదరు శాస్త్రవేత్త ఇకపై ల్యాబులో అడుగు పెట్టరాదని ఉత్తర్వులిచ్చారు.

"మరి నా గైడ్ ఎవరు సార్?" అంది అలేఖ్య.

"దరఖాస్తు పెట్టుకోమ్మా. నిష్పాక్షికంగా పరిశీలిస్తాను."

ఆమె దరఖాస్తు పెట్టలేదు. మర్నాడు కుళ్లిన కాయలు ఏరుకొచ్చే సంచి పట్టుకుని బాటసింగారం బస్సెక్కింది.

ప్రభుత్వం ముచ్చటపడి ఆయన పదవి ముందున్న 'ఇన్‌చార్జి' తీసేసింది. ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో సన్మానం. మంత్రిగారు మైకు అందుకున్నారు.

"పనిచెయ్యని సైంటిస్టును ల్యాబుల నుంచి ఎల్లగొట్టిన మొనగాడు మన బాపిరాజు సారు! గసుంటోళ్ల వల్లనే దేశం ఎనకవడ్డది!"

హాలు మారుమోగింది. బాపిరాజు గారు కూడా చప్పట్లు కొట్టారు, మిగతావాళ్లు ఆపిన తర్వాత కూడా కాసేపు.

మంత్రిగారు వచ్చి పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగారు.

"ఇంతకూ ఎవరు సార్ గా సైంటిస్టు?"

బాపిరాజు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఫైల్ చూసి చెప్తాను సార్."