ఇంటింటికీ ఒక పాలీసిస్టిక్ పాలసీ

రండి, ఇలా నా కుడిపక్కకు వచ్చి కూర్చోండి. ఎడమచెవి నాకు పనిచేయదు. ఫోను బోర్లా పెట్టండి, అది కూడా వింటుంది, విని ఊరుకోదు. నేను చదివింది నాలుగో తరగతి. అయిదో తరగతి గది మేడమీద ఉండేది, మా అమ్మ నన్ను మెట్లెక్కనివ్వలేదు. అయినా ఈ మధ్య ఒక గొప్ప సత్యం కనిపెట్టాను. అది మీతో చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక పీసీఓఎస్ ఉండి తీరాలి!

ముఖం చిట్లించకండి. ఇంటికి కిటికీ ఎంత అవసరమో ఇదీ అంతే. కిటికీ లేకపోతే ఇరుగుపొరుగు లోపలికి ఎలా చూస్తారు?

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, తపాలా ఆఫీసులో పనిచేసే మా అమ్మాయి, కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్షించే మా మనవరాలు. మనవరాలికి ఇరవై నాలుగేళ్ళు. దానికి నెలసరి మూడు నెలలకోసారి వస్తుంది, లేదా దాని ఇష్టం. గడ్డం కింద నాలుగు నల్లని వెంట్రుకలు, బుగ్గల మీద మొటిమలు. ఒకరోజు భోజనాల దగ్గర వాళ్ళమ్మతో అంది: "డాక్టర్ని కలిశానమ్మా. పాలీసిస్టిక్ ఓవరీ అన్నారు, అదే పీసీఓఎస్."

ఆ పూట నా కుడిచెవి మంచినీళ్ళ కూజా వైపు తిరిగి ఉంది. నాకు వినిపించింది 'పాలసీ'.

"మంచి పని చేశావే తల్లీ. ఈ వయసులోనే ఎంత ముందుచూపు. మీ తాతయ్యకు ఆ బుద్ధి ఉంటేనా" అన్నాను. తల్లీకూతుళ్ళిద్దరూ అన్నం కలపడం ఆపి నా వంక చూశారు. మురిసిపోతున్నారనుకున్నాను.

మనవరాలు పాలసీ తీసుకుందంటే ఊరికే ఉంటానా? మర్నాడు పొద్దున్నే మేడమీది వాటాలో ఉండే ఆవిడకు చెప్పాను, వీధంతా ఆవిడను పిన్ని అంటుంది. పిన్ని చెప్పిందంటే ఇక వీధికి వేరే చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి పక్క వీధి పాలసీ ఏజెంటు నల్లసంచీతో దిగాడు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. అప్పుడే మనవరాలు దుకాణం నుంచి వచ్చింది. అతని మెడలో కార్డు, చేతిలో ఫారం చూసి, ఆస్పత్రి నుంచి వివరాలు రాసుకోవడానికి వచ్చాడనుకుంది పిచ్చితల్లి.

"మెచ్యూరిటీ ఎన్నేళ్ళకమ్మా?" అన్నాడతను కలం తీసి.

"పన్నెండేళ్ళకండీ."

"అంత త్వరగానా? బాగుందే. మరి నెలనెలానా, మూడు నెలలకోసారా?"

"మూడు నెలలకోసారి. ఒక్కోసారి నాలుగు కూడా దాటుతుంది. నెలనెలా రావాలనే ఇప్పుడు మందులిచ్చారు."

"నాలుగు దాటితే ల్యాప్స్ అయిపోతుంది కదమ్మా. మందులేమిటి?"

"అసలు మీరెవరండీ?" అంది మనవరాలు.

నేను టీ పట్టుకొచ్చేసరికి ఇద్దరి ముఖాలూ ఉడకబెట్టిన దుంపల్లా ఉన్నాయి. అతను పొగలు కక్కే టీని ఒక్క గుక్కలో తాగి, నాలుక కాల్చుకుని, సంచీ మరిచిపోయి వెళ్ళిపోయాడు. సంచీ కోసం వాళ్ళావిడ వచ్చింది. వివరాలు ఆవిడ తీసుకెళ్ళింది.

ఇక చూడండి మా వైభవం! పుట్టి బుద్ధెరిగాక మా ఇంటికి ఇంతమంది పెద్ద డాక్టర్లు రావడం నేను చూడలేదు. అందరూ ఉచితం. ముందుగా టైమ్ తీసుకోనక్కర్లేదు, వాళ్ళే బెల్లు కొడతారు. ఒక్కరు కూడా నాడి పట్టుకోలేదు. ముఖం చూసే చెప్పేశారు.

మేడమీది పిన్ని పాలు మానెయ్యమంది. బ్యూటీ పార్లర్ అమ్మాయి గోధుమ మానెయ్యమంది. ఫోన్ మామయ్య అని మా అమ్మాయి వేలువిడిచిన తమ్ముడొకడున్నాడు. వాడు రోజుకు పదకొండు వీడియోలు పంపి వరి, బంగాళాదుంప, అరటిపండు మానిపించాడు. జిమ్ మాస్టారు పళ్ళరసాలు మానెయ్యమన్నాడు. ఏజెంటుగారి భార్య రాత్రి ఏడు తర్వాత నీళ్ళు కూడా వద్దంది. చివరికి గాలి ఒక్కటే మిగిలింది. దాన్నయినా ఎడమ ముక్కుతోనే పీల్చమని పిన్ని మళ్ళీ దిగి వచ్చి చెప్పింది.

వంటగది ఎంత శుభ్రంగా ఉందో మీరు చూడాలి. గిన్నె కడిగే పని లేదు. ఏ జబ్బు ఇంత కలిసొస్తుంది చెప్పండి?

జ్ఞానం సంగతి అడగకండి. "లావు తగ్గితే అదే పోతుంది" అని ఏజెంటుగారి భార్య తేల్చింది. మా మనవరాలు సన్నగా చీపురుపుల్లలా ఉంటుంది. ఆ మాట అంటే, "అయితే లావెక్కితే పోతుందేమో" అంది. సైన్సు అంటే అదీ, రెండు వైపులా పదును. ఇక పిన్నిది ఒకటే మందు, "పెళ్ళి చేసేయండి, అన్నీ సర్దుకుంటాయి." పిన్నికి పెళ్ళయి ముప్పై రెండేళ్ళు. మోకాలే ఇంకా సర్దుకోలేదు.

జబ్బు వల్ల జనానికి కంటిచూపు కూడా మెరుగవుతుంది, తెలుసా? ఒకరోజు దుకాణంలో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని ఎదుటి గోడమీది అక్షరాలు చదువుతున్నాడట. మూడో వరుస దగ్గరే ఆగిపోయాడు. మనవరాలు అద్దాలు మారుస్తూ, "ఇప్పుడు కనిపిస్తోందాండీ?" అని అడిగిందట. "లేదు గానీ అమ్మాయీ, నీ గడ్డం కింద రెండు వెంట్రుకలున్నాయి, చూసుకున్నావా?" అన్నాడట.

ఇంటికొచ్చి ఆ మాట అది నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. తర్వాత కంచం తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. భోజనాల బల్ల దగ్గర దాని కుర్చీ మీద ఉతికిన బట్టలు పేరుకున్నాయి.

"గురువారం మళ్ళీ డాక్టర్ దగ్గరికి రమ్మన్నారు కదే" అని వాళ్ళమ్మ తలుపు బయటి నుంచి అడిగింది.

"వెళ్ళను. మందులు కూడా ఆపేశాను. వీధంతా డాక్టర్లే కదా, ఇంకొకరెందుకు?"

అక్కడ నా నవ్వు ఆగింది. డప్పు కొట్టి వీధిని పిలిచింది నేనే కదా. తినక, మందులు మింగక, అలా తలుపు వేసుకునే ఉండిపోతే ఆ పాపం నా నాలుకది. నా గుండీల డబ్బా తీసుకుని తలుపు తట్టాను.

"సలహా అయితే వద్దమ్మమ్మా."

"సలహా కాదే, గుండీలు."

తలుపు తీసింది. మంచం మీద డబ్బా బోర్లించాను. గుండీల మధ్యలోంచి ఒక చిన్న ఇనుప పట్టకారు జారిపడింది. నేను కాపురానికి వచ్చినప్పటిది. మొన మాత్రం ఇప్పటికీ సూదిలా ఉంటుంది.

"ఏమిటిది?" అంది.

"నా గడ్డం పనిముట్టు. పదిహేడో ఏట నుంచి."

అది పట్టకారును చూసింది, నా గడ్డాన్ని చూసింది. కళ్ళు పరీక్షించే పిల్ల. ఇన్నేళ్ళూ దానికి ఒక్క వెంట్రుకా దొరకనివ్వలేదు నేను.

"నాకూ నెలలు తప్పేవి. ఆరేళ్ళు పిల్లలు లేరు. మా ఆడపడుచు నాకు పేరు పెట్టింది, 'పెద్దమనిషిగారు' అని. గడ్డమున్న పెద్దమనిషి. వీధిలో అందరూ అలాగే పిలిచేవారు. నేనూ పలికేదాన్ని."

"తాతయ్యకు తెలుసా?"

"ఆయన కళ్ళజోడు వెతుక్కునేలోగా లేచి పీకేసుకునేదాన్ని. నలభై ఏడేళ్ళ కాపురం. ఒక్కరోజు కూడా పొద్దెక్కేదాకా నిద్రపోలేదు."

అది నవ్వడం మొదలుపెట్టింది. ఈసారి మామూలు నవ్వు కాదు, వెక్కిళ్ళు వచ్చే నవ్వు. చివర్లో అది నవ్వో ఏడుపో నాకూ తెలియలేదు, దానికీ తెలియలేదు.

"గురువారం నేనూ వస్తాను. నోరు మూసుకుని కూర్చుంటాను" అన్నాను.

"నువ్వా?"

"సగం మూసుకుంటాను."

గురువారం ఇద్దరం వెళ్ళాం. డాక్టరమ్మ తక్కువ మాటల మనిషి. బొమ్మ గీసి చూపించింది. అండాశయంలో కనిపించేవి నీటితిత్తులు కావట. ప్రతినెలా గుడ్డు పెరగాల్సిన చిన్న సంచులట. ఒంట్లో హార్మోన్ల పొందిక తప్పితే అవి సగంలో ఆగిపోతాయట. "పేరులో 'సిస్ట్' అని వినగానే తిత్తులు అనుకుంటారమ్మా. పేరులోనే తప్పుంది" అంది.

"పేరే తప్పా? మరి నేను తప్పుగా విన్నానని ఇంతమంది నవ్వారే" అన్నాను. మనవరాలు నా మోచెయ్యి గిల్లింది.

"పూర్తిగా పోతుందా డాక్టరమ్మా?"

"పోయేది కాదు, అదుపులో ఉండేది. రోజూ నడవాలి. వేళకు తినాలి, ఏదీ పూర్తిగా మానేయనక్కర్లేదు. నిద్ర చెడగొట్టుకోకూడదు. ఇచ్చిన మందులు నాకు చెప్పకుండా ఆపకూడదు. షుగరు పరీక్ష అప్పుడప్పుడు చేయించుకోవాలి. మనసు బాగోకపోయినా వచ్చి చెప్పాలి, అదీ ఇందులో భాగమే."

"పెళ్ళి చేస్తే?"

"పెళ్ళి నా మందుల చీటీలో లేదమ్మా."

"పిల్లలు?"

"చాలామందికి పుడతారు. కొందరికి మందుల సాయం కావాలి. ఆ ప్రశ్న ఈ అమ్మాయి అడిగినప్పుడు ఈ అమ్మాయికి చెబుతాను."

చూశారా, నేను విన్నదే నిజం! అది పాలసీయే. జీవితకాలపు పాలసీ. ప్రీమియం రోజూ కాళ్ళతో కట్టాలి, మధ్యలో ఆపకూడదు. ఏజెంటు మాత్రం ఒక్కరు చాలు, నలభై మంది అక్కర్లేదు.

లేవబోతుంటే డాక్టరమ్మ నన్ను ఆపింది. "మీకు కూడా వయసులో ఉండగా ఇలా ఉండేదా అమ్మా?"

నా కుడిచెవికి సరిగ్గానే వినిపించింది. అయినా మళ్ళీ అడగమన్నాను. డెబ్బై ఆరేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, రెండుసార్లు వినాలనిపించింది.

"ఉండొచ్చు, ఇప్పుడు కచ్చితంగా చెప్పలేం" అంది అంతా విని. చెప్పకపోతే మానె. అడిగింది, అది చాలు.

ఇంటికొచ్చి నేనొక బోర్డు రాయించాను. అందరి గుమ్మాల ముందూ చెప్పులు విడువమని ఉంటుంది కదా. మా గుమ్మానికి ఇలా ఉంది: "చెప్పదలచినవారు చెప్పులతో రావలెను." అంటే ఏమిటని పిన్ని అడిగింది. నడవమని చెప్పినవాళ్ళు మా మనవరాలితోపాటు నడవాలి, మానమని చెప్పినవాళ్ళు దాని ఎదురుగా కూర్చుని మానాలి, అన్నాను. సాయంత్రం అయిదున్నరకు బయలుదేరుతుంది, తోడు రండి అన్నాను.

పిన్నికి మోకాలు గుర్తొచ్చింది. ఫోన్ మామయ్యకు సిగ్నల్ పోయింది. జిమ్ మాస్టారికి నడవడం అలవాటు లేదట, బండి మీద వస్తానన్నాడు. బ్యూటీ పార్లర్ అమ్మాయి గోధుమ రొట్టె నములుతూ బోర్డు చదివి వెనక్కి తిరిగింది. రెండు రోజుల్లో మా ఇంట్లో నలభై మంది డాక్టర్లూ పదవీ విరమణ చేశారు. ఏజెంటు ఒక్కడే మూడో రోజు వీధి మలుపు దాకా నడిచాడు. నాకు పాలసీ అంటగట్టడానికి.

ఇప్పుడు రోజూ మా మనవరాలూ నేనూ నడుస్తాం. దానికి నావల్ల ఉపయోగమేమీ లేదు. నేను రెండో కరెంటు స్తంభం దగ్గర కూర్చుండిపోతాను, అది వెళ్ళి నా కోసం తిరిగి వస్తుంది. మందులు మళ్ళీ మొదలుపెట్టింది. దాని కుర్చీ మీది బట్టలు మడిచి బీరువాలో పెట్టేశాను. ఆదివారం ఉదయం కిటికీ దగ్గర కూర్చుని ఒకే పట్టకారుతో ఒకరి గడ్డం ఒకరు చూసుకుంటాం. ఒకటి తప్పిపోయిందని అది నన్ను పట్టుకుంది మొన్న. కిటికీ తెరిచే ఉంటుంది. చూసేవాళ్ళు చూడనీ.

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకోండి, ఆడపిల్లలున్న ఇళ్ళల్లో చెప్పండి. పేరు సరిగ్గా పలకండి, పాలసీ అన్నారంటే సంచీలతో దిగుతారు. మరిచిపోకుండా ముందు "ఎలా ఉన్నావే?" అని అడగండి, అడిగి ఆగండి. ఆ తర్వాత కూడా ఇంకా ఏదైనా చెప్పాలనిపిస్తే, చెప్పులేసుకోండి.