ఎర్సీలియా కుండలో ఆరు సీసాలు

సెప్టెంబరు రెండో ఆదివారం తెల్లవారుజామున నిద్ర లేవడంతోనే ఎర్సీలియాకు కోపం వచ్చింది. ఊరి వైన్ల పండుగకు అరవై మందికి భోజనం వండే పని పదిహేడేళ్లుగా ఆమెదే. ఐదింటికి గొడ్డుమాంసం కుండలో పడాలి, వైనులో నింపాదిగా ఉడకాలి, పన్నెండింటికి కుండ కూడలికి చేరాలి. ఇంత పనిలో మొగుణ్ణి ఆమె అడిగింది ఒకే ఒక్కటి. రాత్రి పడుకోబోయే ముందు, "కూరలోకి ఆరు సీసాలు తీసి బల్ల మీద పెట్టు" అంది. ఒట్టావియో "ఊఁ" అన్నాడు.

ఆ "ఊఁ"ని ముప్పై నాలుగేళ్లుగా నమ్మకూడదనుకుంటూనే నమ్ముతోంది. కానీ ఈసారి వంటింటి బల్ల మీద నిజంగానే ఆరు సీసాలున్నాయి. బిరడాలు కూడా తీసి ఉన్నాయి. వైను పేరు రాసిన చీటీలు మాత్రం లేవు. మనిషి మారాడేమోనని ఒక్క క్షణం మెత్తబడి, ఆరింటినీ వరసగా కుండలో కుమ్మరించింది.

ఆఖరి సీసా చివరి బొట్టు పడుతుండగా మేడ మీంచి ఒట్టావియో గొంతు వినిపించింది. "ఏమే, బల్ల మీది సీసాలు ముట్టుకోకు. పోటీకి పెట్టేవి అవే. గాలి తగలాలని మూతలు తీశాను."

ఎర్సీలియా ఖాళీ సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పదకొండేళ్లుగా నేలమాళిగలో దాచి, ఈ వేసవంతా కనిపించిన ప్రతివాడికీ గొప్పలు చెప్పుకున్న వైను అది. "ముందే చెప్పి ఏడవొచ్చుగా" అని పళ్లు నూరుకుంది. నేలమాళిగలోకి దిగి, రోజూ వంటకు వాడే చవక వైను జాడీలోంచి ఆరు సీసాలూ నింపి, ఎక్కడివక్కడ పెట్టేసింది. ఒట్టావియో దిగివచ్చి, చీటీలు అంటించి, సీసాలను పసిపిల్లల్లా గుడ్డలో చుట్టి తీసుకుపోయాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు.

పన్నెండింటికి కూడలి నిండిపోయింది. రుచి చూసి తీర్పు చెప్పడానికి ఎప్పటిలాగే తూరినో నగరం నుంచి మల్వీనా అనే ఆవిడ వచ్చింది. నోట్లో పోసుకున్న ప్రతి గుక్కనీ పక్కనున్న రాగి పాత్రలో ఉమ్మేసే మనిషికి ఊరంతా ఎందుకు వంగి వంగి మర్యాద చేస్తుందో ఎర్సీలియాకు ఏనాడూ అర్థం కాలేదు. పండుగ సంఘం అధ్యక్షుడు గ్వాల్తియెరో ఆవిడ వెనకే గ్లాసులు మోస్తూ తిరుగుతున్నాడు. అతను ఎర్సీలియాకు సొంత అన్న. ఒట్టావియోకు బావ, పక్క తోట యజమాని, ఆగర్భ శత్రువు.

మల్వీనా ఒట్టావియో వైను నోట్లో పోసుకుంది. మిగతావాళ్లవి మర్యాదగా ఉమ్మిన మనిషి దీన్ని తుపుక్కున ఉమ్మింది. రొట్టెముక్కతో నాలుక తుడుచుకుంది.

"ఇది తాగడానికి చేసింది కాదు. కూరలో పోసుకోండి" అంది.

ఎర్సీలియా కుండ వైపు తిరిగి గరిటె తిప్పసాగింది. గ్వాల్తియెరోకు నవ్వు ఆగలేదు. "పదకొండేళ్లు దాచావు కదా బావా, ఇంకో పదకొండేళ్లు దాచి చూడు. పాకీ పనికైనా పనికొస్తుంది."

ఒట్టావియో మొహం కందగడ్డ అయింది. "నవ్వకు బావా. ఆవిడ ఉమ్మింది నీ వైనే."

అన్నాక గాని తను ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఇక దాచి లాభం లేక మిగతాదీ కక్కాడు. "నావి ఆరూ పాడైపోయాయి. రాత్రి మూత తీస్తే ఒకటే పులిసిన కంపు. ఈస్టర్‌కి నువ్వు పంపిన పెట్టె ఉందిగా. అదే నా సీసాల్లో పోసి తెచ్చాను."

"నా వైను దొంగిలించి, నా ఎదుటే ఉమ్మించావా?" అని అరిచాడు గ్వాల్తియెరో. "ఈ పండుగకో దండం. నేను అధ్యక్షుణ్ణి కాను." పళ్లాలున్న గది తాళంచెవి జేబులో వేసుకుని ఇంటిదారి పట్టాడు. మల్వీనా సంచి సర్దుకోసాగింది. మెడలో రుమాళ్లు కట్టుకుని కూర్చున్న అరవై మందీ గొణగడం మొదలుపెట్టారు.

ఎర్సీలియా గరిటెతో కుండ మీద ఠంగున కొట్టింది.

"ఎక్కడివాళ్లక్కడ ఆగండి. అన్నయ్యా, నువ్వూ ఆగు. మేడమ్ ఉమ్మింది మా వంట వైను జాడీలోది. పోసింది నేను. పోటీ సీసాలు ఈ కుండలో ఉన్నాయి." మొగుడి వైపు తిరిగింది. "రాత్రి ఊఁ అన్న నోటితోనే పొద్దున ఇంకో ముక్క చెప్పి ఉంటే ఇంత రభస ఉండేదా? పైగా నేనేదో నీ బంగారం తగలేశానని ఉదయం నుంచీ ప్రాణం బిగబట్టుకుని చస్తున్నాను."

మల్వీనా సంచి దించి కుండ దగ్గరికి వచ్చింది, గరిటెలోంచి ఓ ముక్క నోట్లో వేసుకుంది. ఉమ్ముతుందేమోనని అందరూ రాగి పాత్ర వైపు చూశారు. ఆవిడ మింగింది. ఇంకో ముక్క తీసుకుంది. మూడో ముక్కకి రొట్టె అడిగింది.

"ఈ వైను ఎవరిది?"

"నాది" అన్నాడు, అప్పుడే వెనక్కి తిరిగివచ్చిన గ్వాల్తియెరో.

"ఈ రోజు నేను మింగింది ఇదొక్కటే. మొదటి బహుమతి దీనికే."

గ్వాల్తియెరో బహుమతి ఫలకం అందుకుని ఉపన్యాసం ఎత్తుకున్నాడు. తన తోటలోని మట్టికి, వాలు మీద పడే ఎండకు, తాతగారి చేతులకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి కూర్చోబోయాడు. ఎర్సీలియా కుండ మీద మూత పెట్టి, మూత మీద మోచెయ్యి ఆనించింది.

"మట్టీ ఎండా వడ్డిస్తాయి. అందరూ బుద్ధిగా కూర్చోండి."

"అదేమిటే, నేను..." అన్నాడు గ్వాల్తియెరో.

"నువ్వేమీ అనకు. నిన్నటి దాకా వైను నీది. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర ఉడికింది నేను."

ఆకలితో ఉన్న అరవై మందికి న్యాయం చప్పున బోధపడింది. ముసలాళ్లు ఫోర్కులతో బల్లల మీద దరువేశారు. మల్వీనా కలం తీసి, జాబితాలో గ్వాల్తియెరో పేరు కొట్టేసి, మీద ఎర్సీలియా పేరు రాసింది. జీవితంలో ఒక్క ద్రాక్షపండైనా తొక్కని మనిషికి ఆ ఏటి ఉత్తమ వైను బహుమతి దక్కింది. గ్వాల్తియెరో ఫలకం ఆమె చేతిలో పెట్టి, పళ్లాల గది తలుపు తీయడానికి వెళ్లాడు.

ఇప్పుడా ఫలకాన్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఒట్టావియోనే చూపిస్తాడు. ఏ వైనుకు వచ్చిందని అడిగితే మాత్రం ఆయనకు దగ్గు వస్తుంది.