పూర్తిగా చూపించు

తొంభై ఆరులో ఒక పొద్దున మేనేజర్ రాజయ్య పని ఎగ్గొట్టేవాళ్లను పట్టుకోవాలని గట్టిగా అనుకుని ఆఫీసుకు వచ్చాడు. కామారెడ్డిలో ఉన్న ఆ విత్తనాల కంపెనీకి సర్వర్ ఒక్కటే. ఎల్లారెడ్డి బ్రాంచీ, నిజామాబాద్ హెడ్డాఫీసు టెలిఫోన్ లైను మీద దాన్నే వాడుకునేవి. ఎవరు ఏ ప్రోగ్రాం నడుపుతున్నారో తెరమీద కనబడేది గానీ, పేరొక్కటే. ఎల్లారెడ్డి ఇన్‌చార్జి బషీర్ పక్కన పొద్దస్తమానం ‘లెక్కలు’ అని ఉండేది. ఎల్లారెడ్డిలో అన్ని లెక్కలు ఎక్కడివని రాజయ్య అనుమానం.

“జహూర్, గీ తోకలు కోసిన పేర్లు నాకొద్దు. ఎవడేం కొట్టిండో మొత్తం కనబడాలె,” అన్నాడు.

సర్వర్ చూసుకునే జహూర్ రెండు మీటలు నొక్కాడు. తెరమీద పూర్తి కమాండ్లు దిగాయి. బషీర్ పక్కన ‘లెక్కలు, పేకాట, రమ్మీ’ అని ఉంది.

రాజయ్య వెంటనే ఎల్లారెడ్డికి ఫోన్ కలిపాడు. “ఏంది బషీర్, జోకర్ దొరికిందా?”

అవతల ఫోన్ ఠక్కున పెట్టేసిన చప్పుడైంది. బషీర్ తన తెర చూసుకుని, ఆ కొత్త ఏర్పాటు అక్కడా కనబడుతోందని గ్రహించాడు. ఇక పేకాట మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

గంట తిరక్కుండానే అతని ఓపిక ఫలించింది. హెడ్డాఫీసు నుంచి ఒక పొడుగాటి కమాండ్ వచ్చింది. చివర్లో ‘తీసెయ్, మేనేజర్ రాజయ్య’ అని ఉంది. లైను నెమ్మది కావడంతో అది తెరమీద అట్లాగే నిలబడిపోయింది.

కామారెడ్డిలో రాజయ్య కూడా అదే చూశాడు. చేతిలోని చాయ్ లాగుమీద ఒలికిందని కూడా తెలియలేదు.

ఎల్లారెడ్డి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఓదార్పులు ముందొచ్చాయి, ఆ వెనకే బషీర్ బస్సెక్కాడన్న కబురొచ్చింది. మధ్యాహ్నానికి అతను వీడ్కోలుకని బంతిపూల దండతో దిగి, ఖాళీగా ఉన్న మేనేజర్ కుర్చీలో ఎత్తు సరిపోతుందో లేదో చూసుకున్నాడు. కబురు ఇంటికీ చేరి, రాజయ్య భార్య మంగవ్వ ఆటోలో వచ్చింది.

“నౌకరి ఎట్లాగు పోయిందయె. మూడేండ్ల సంది కడుపుల బెట్టుకున్నదంత మీ మేడంకు జెప్పుర్రి,” అంది.

రాజయ్యకు అది న్యాయంగా తోచింది. యజమాని విమలమ్మకు ఫోన్ చేశాడు.

“మేడం, మీ మక్కజొన్న ఇత్తనం సగం మొలువది. రైతులకు అబద్ధం జెప్పలేక నా నోరు పుండైంది. నన్ను మీరు తీసేసుడు గాదు, నేనే పోతున్న!” అని ఫోన్ పెట్టేశాడు.

అప్పుడే జహూర్ ఒక వెడల్పాటి కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“సార్, లైను పొడుగైతే తెర అంచుకాడ తెగిపోతది. నాకు యాదికి రాలే. ప్రింటు దీసిన.”

కాగితం మీద పూర్తిగా ఉంది: ‘తీసెయ్, మేనేజర్ రాజయ్య మీదున్న కట్టడి.’ హెడ్డాఫీసును అడగకుండా గోదాం నుంచి ఒక్క బస్తా కూడా పంపకూడదన్న కట్టడి అది. దాన్ని ఎత్తేయమని రాజయ్య మూడేళ్లుగా బతిమాలుతున్నాడు.

రాజయ్య కుర్చీ కోసం చూశాడు. అందులో బషీర్ ఉన్నాడు. నిలబడే ఉండిపోయాడు.

ఫోన్ మోగింది. విమలమ్మే. రాజయ్య రెండు చేతులతో ఎత్తాడు.

“మేడం, గా మాటలు... ఎండకు...”

“ఇత్తనం సంగతి గింత తెలిసినోనివి, గిన్నొద్దులు ఎందుకు జెప్పలేదయ్యా?” అంది విమలమ్మ. “అమ్మకాలకు నువ్ పనికిరావు. ఎల్లారెడ్డికి పో. నువ్ మొలకెత్తిచ్చి చూసినంకనే బస్తా కదలాలె. కామారెడ్డిని బషీర్‌ను చూసుకొమ్మను. కట్టడి మాత్రం తీసేసేది లేదు.”

తెచ్చిన దండ ఎవరి మెడలో వేయాలో తెలియక బషీర్ కాసేపు చేతులు మార్చుకున్నాడు. మంగవ్వ దాన్ని లాక్కుని భర్త మెడలో వేసి, సామాన్లు సర్దడానికి ఇంటికి తీసుకుపోయింది.

ఆ ఏడు ఎల్లారెడ్డి రైతులు చేనంతా మొలిచిన మక్కను చూసి, కంపెనీని ఎవరికన్న అమ్మేసిన్రా అని అడిగారు.